మొదటి గంటకు మెచ్చుకోలు, చివరి రోజుకు ఫిర్యాదు: కర్నూలులో మెనింజైటిస్ చికిత్సపై సమీక్ష

గత జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, మా చిన్నాయనను కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. ఆయనకు వచ్చినది బాక్టీరియా వల్ల కలిగే మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్. అక్కడ ఉన్న 16 రోజులలో రెండు రోజులు తప్ప మిగిలినవన్నీ నేను ఆయన వెంటే ఉన్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఒక్క రోగి అనుభవాన్ని పట్టుకుని ఒక సంస్థ మంచిదనో చెడ్డదనో తేల్చేయడం న్యాయం కాదు. అదీ కాక, ఆ రాత్రి చిన్నాయన ప్రాణం నిలబెట్టిన వారూ, చివరి రోజున అరకొర కాగితం మా చేతిలో పెట్టి పంపిన వారూ ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తున్నారు. నేను వైద్యుణ్ణి కాను, జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పుకునేవాణ్ణి. కాబట్టి ఈ సమీక్షలో గదుల శుభ్రత కన్నా, క్యాంటీన్ రుచి కన్నా, ఈ జబ్బుకు చేయవలసిన పనులు సమయానికి జరిగాయా లేదా అన్నదానికే ఎక్కువ చోటిచ్చాను.

చిన్నాయన వయసు 61. చక్కెర వ్యాధి 12 ఏళ్ళుగా ఉంది, మాత్రలు వేసుకున్న రోజులకు లెక్క ఉంది గాని వేసుకోని రోజులకు లేదు. కుడి చెవి చిన్నప్పటి నుంచి కారుతూనే ఉంటుంది. కోడుమూరు వైపు మా పల్లెల్లో చెవి కారడాన్ని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు, వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసి దూది పెట్టుకుంటారు. ఈ మూడూ, అంటే పైబడిన వయసు, అదుపు తప్పిన చక్కెర, చీము పట్టిన చెవి, పెద్దవాళ్ళలో ఈ జబ్బుకు దారి తీసే కారణాలలో ముందు వరుసలో నిలిచేవే. సైనస్ వ్యాధి, నిమోనియా, అతిగా మద్యం తాగే అలవాటు, ఏ ప్రమాదంలోనో ప్లీహం తీసేయడం, హెచ్ఐవీ, తలకు దెబ్బ తగిలిన తరువాత ముక్కులోంచి నీళ్ళలా ద్రవం కారుతూ ఉండడం కూడా ఆ కోవలోవే. పెద్దలలో ఎక్కువగా కనిపించే న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవి ఎంతోమంది ముక్కు వెనుకా గొంతులోనూ ఏ హానీ చేయకుండా ఉంటుంది. అది రక్తంలోకి దిగినప్పుడో, చెవి వెనుక ఎముక పుచ్చి మెదడు పొరలకు దారి దొరికినప్పుడో ప్రాణాంతకమవుతుంది. ఇవేవీ ఆనాటికి మాకు తెలియవు.

జ్వరం మొదలైన రోజు ఆయన శనగ చేలో ఉన్నారు. ఊళ్ళో ఆర్ఎంపీ వైద్యుడు జ్వరానికి ఒక ఇంజెక్షనూ, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలూ ఇచ్చాడు. రెండో రోజు తలనొప్పి, వాంతులు. మూడో రోజు సాయంత్రం మా చిన్నమ్మను చనిపోయిన తన అక్క పేరుతో పిలవడం మొదలుపెట్టేసరికి ఇంట్లో వాళ్ళు భయపడి అద్దె కారులో కర్నూలుకు తీసుకువచ్చారు. జ్వరం, మెడ బిగుసుకోవడం, మతి తప్పడం అనే మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తేనే ఈ జబ్బని చాలామంది అనుకుంటారు. నెదర్లాండ్స్‌లో 696 కేసులను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మూడూ కలిసి ఉన్నవి 44 శాతమే. తలనొప్పిని కూడా చేర్చుకుని నాలుగింటిలో ఏ రెండైనా ఉన్నవి మాత్రం 95 శాతం. మా ఊరి వైద్యునికి రెండో రోజుకే ఆ నాలుగింటిలో రెండు కనిపించాయి. ఆయనను తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదు, జ్వరంతో తలనొప్పి వచ్చిన వారిలో నూటికి తొంభై తొమ్మిది మందికి వేరే జ్వరాలే ఉంటాయి.

ఇక ఆసుపత్రి సంగతి. క్యాజువాలిటీలోకి వెళ్ళేసరికి రాత్రి 9 గంటల 40 నిమిషాలు. డ్యూటీలో ఉన్న యువ వైద్యుడు చిన్నాయన తలను చేతులతో పైకి ఎత్తగానే మోకాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి, ఇది మెదడు పొరల వాపుకు ఒక గుర్తు. వెంటనే ఆయన నర్సుకు రెండు మాటలు చెప్పాడు, కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకు రక్తం తీయమని, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో పాటు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ సిద్ధం చేయమని. అటు బిల్లింగ్ కౌంటరు వారు 30 వేలు అడ్వాన్సు కట్టమని మా తమ్ముణ్ణి నిలబెట్టిన సమయానికే, ఇటు మందు నరంలోకి ఎక్కడం మొదలైంది. చేతిగడియారం చూసుకున్నాను, 10 గంటల 15 నిమిషాలు. అంటే 35 నిమిషాలు. ఈ జబ్బులో మొదటి మోతాదు గంటలోపు పడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. చాలాచోట్ల ఆ గంట ఎక్కడ కరిగిపోతుందో తెలిసినవారికి ఈ 35 నిమిషాల విలువ అర్థమవుతుంది. మతి తప్పిన రోగికి వెన్నులో సూది వేసే ముందు మెదడు సీటీ స్కాన్ తీయవలసి ఉంటుంది, స్కాన్ గది ఖాళీ కావాలి, డబ్బు కట్టిన రసీదు రావాలి, ఆ తరువాత వెన్నులో నీరు తీయాలి, ఆ రిపోర్టు వచ్చాక మందు అంటే తెల్లవారిపోతుంది. ఈ వైద్యుడు ఆ వరుసను తిరగేశాడు. ముందు రక్తం, వెంటనే మందు, ఆ తరువాతే స్కాన్. రసీదు కోసం మందు ఆగలేదు. ఈ ఒక్క విషయానికే ఈ ఆసుపత్రి గురించి నలుగురికీ చెప్పాలనిపించింది.

వెన్నులో నీరు తీసే పరీక్ష దగ్గర మాత్రం మా వైపు నుంచే ఆలస్యం జరిగింది. చిన్నమ్మ సంతకం పెట్టనన్నది. "వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయంట కదా నాయనా, మా ఊర్లో ఒకాయన అట్లే మంచాన పడినాడు" అని డాక్టరు చేతులు పట్టుకుంది. ఆయన విసుక్కోలేదు. తన నడుమునే చూపించి, "అమ్మా, వెన్నుపాము ఇక్కడే, పక్కటెముకలు అయిపోయిన కాసేపటికే ఆగిపోతుంది. మేము సూది వేసేది దానికి చాలా కిందికి, అక్కడ ఉండేది నీళ్ళూ నరాల పోగులూ మాత్రమే" అని చెప్పాడు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుములోని మొదటి వెన్నుపూస దగ్గరే ముగుస్తుంది. సూది మూడు, నాలుగు పూసల నడుమ వేస్తారు. ఈ మాటను నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, ఆ రాత్రి మాత్రం నాకు నోరు పెగలలేదు. ఊళ్ళో మంచాన పడిన ఆ మనిషిని పడేసింది సూది కాదు, సూది అవసరమైన జబ్బు. ఆ సంగతి చిన్నమ్మకు ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు.

రాత్రి 11 గంటల 40 నిమిషాలకు తీసిన ఆ ద్రవం, బియ్యం కడిగిన నీళ్ళలా మసకగా ఉంది. ఆరోగ్యవంతులలో అది తేటనీరులా ఉంటుంది. ప్రయోగశాల పనితీరుకు మంచి మార్కులే వేయాలి, కణాల లెక్కా, గ్లూకోజూ, ప్రోటీనూ, సూక్ష్మజీవులకు రంగు వేసి చూసే గ్రామ్ స్టెయినూ రెండు గంటలలో వచ్చాయి. మామూలుగా 5కు మించకూడని తెల్ల కణాలు 2,400 ఉన్నాయి, వాటిలో 90 శాతం బాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్స్. రక్తంలో చక్కెర 260 ఉన్నప్పుడు ఆ ద్రవంలో కనీసం అందులో సగమైనా ఉండాలి, ఉన్నది 18. సూక్ష్మదర్శినిలో జంటజంటలుగా ఉన్న గ్రామ్ పాజిటివ్ కాకై అనే గుండ్రటి బాక్టీరియా కనిపించాయి, అంటే న్యుమోకాకస్. కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగలేదు. ముందే మింగిన సెఫిక్సిమ్ మాత్రలు ఆ సూక్ష్మజీవిని చంపలేదు గాని, దాని ఆనవాలు దొరకకుండా చేశాయి. అందువల్ల ఏ మందుకు అది లొంగుతుందో, ఏ మందుకు మొండికేస్తుందో తేల్చే అవకాశం పోయింది, ఖరీదైన వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను చివరి వరకూ కొనసాగించవలసి వచ్చింది. ఊరి మాత్రల ఖర్చు 200 రూపాయలు, వాటి వల్ల పెరిగిన ఆసుపత్రి ఖర్చు ఎంతో లెక్క వేయడం కష్టం. మన దేశంలో మెదడు పొరలకు క్షయ సోకడం కూడా తక్కువేమీ కాదు కాబట్టి దానికి సంబంధించిన పరీక్షకూ నమూనా పంపారు, లేదని తేలింది. క్షయ అయితే సాధారణంగా రోజులలో కాదు, వారాల తరబడి ముదురుతుంది.

ఐసీయూలో ఆరు రోజులు. 50 ఏళ్ళు దాటిన వారిలో లిస్టీరియా అనే మరో సూక్ష్మజీవిని దృష్టిలో పెట్టుకుని యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కూడా మొదలుపెట్టి, గ్రామ్ స్టెయిన్ ఫలితాన్ని పెద్ద డాక్టరు చూశాక ఆపారు. అవసరం తీరిన మందును ఆపడం కూడా మంచి వైద్యమేనని నా అభిప్రాయం. డెక్సామెథసోన్ వల్ల రెండో రోజుకు చక్కెర 400 దాటింది. బంధువులలో ఒకరు "చక్కెర ఉన్నాయనకు స్టెరాయిడ్ ఎట్ల ఇస్తారు" అని నర్సులతో గొడవకు దిగారు. మందులతో చచ్చిన బాక్టీరియా విడిచే పదార్థాలకు శరీరం ఇచ్చే ప్రతిస్పందనే మెదడు వాపును పెంచుతుంది, ఆ మంటను అణచడానికే స్టెరాయిడ్. 2002లో ప్రచురితమైన యూరప్ అధ్యయనంలో 301 మంది పెద్దలను పరిశీలించగా, ఇది ఇచ్చినవారిలో మరణాలు 7 శాతం, ఇవ్వనివారిలో 15 శాతం. ఆఫ్రికాలోని మలావీలో జరిగిన అధ్యయనంలో ఇటువంటి మేలు కనిపించలేదు గనుక, ఇది అన్నిచోట్లా ఒకేలా పనిచేసే మంత్రమేమీ కాదు. అయినా న్యుమోకాకస్ అన్న అనుమానం ఉన్నచోట నాలుగు రోజులు ఇవ్వడం సరైన పద్ధతే. చక్కెరను ఇన్సులిన్‌తో గంటగంటకూ చూసుకున్నారు. మూడో రోజు తెల్లవారుజామున ఒకసారి ఫిట్స్ వచ్చినప్పుడు నర్సు నిమిషంలోపే మంచం దగ్గర ఉంది. ఆదోని నుంచి వచ్చి పనిచేస్తున్న ఆమె, మరుసటి రోజు తన డ్యూటీ అయిపోయాక కూడా వచ్చి చూసి వెళ్ళింది.

ఐదో రోజు పెద్ద డాక్టరు మా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. న్యుమోకాకస్ వల్ల వచ్చినప్పుడు మంచి వైద్యం ఉన్న దేశాలలో కూడా పదిమందిలో ముగ్గురి వరకు చనిపోతారని, మెనింగోకాకస్ అనే మరో బాక్టీరియా అయితే అంత ఉండదని దాచకుండా చెప్పారు. నేను పైన చెప్పిన డచ్ అధ్యయనంలో మొదటిదానికి 30 శాతం, రెండోదానికి 7 శాతం మరణాలు. వయసు, చేరేసరికి తగ్గిన స్పృహ, చెవి లేదా సైనస్‌లో చీము, రక్తంలో కూడా బాక్టీరియా దొరకడం, వెన్ను ద్రవంలో తెల్ల కణాలు వెయ్యి కన్నా తక్కువ ఉండడం చెడు ఫలితానికి సూచనలు. చివరిది వినడానికి వింతగా ఉంటుంది. కణాలు తక్కువగా ఉంటే మంచిదే కదా అనుకుంటాము, కాని ఎదురు తిరిగే సైన్యమే రాలేదని దానికి అర్థం. చిన్నాయనకు ఉన్న 2,400 చూసి నేను మొదట బెదిరాను, ఆ రోజు నుంచి ఆ సంఖ్య నాకు కొంత ధైర్యమైంది.

ఇబ్బందులు లేకపోలేదు. అటెండెంట్లకు కూర్చోవడానికి మెట్ల కింద ఒక బెంచీ తప్ప మరేమీ లేదు, లిఫ్టు రెండుసార్లు ఆగిపోయింది, క్యాంటీన్‌లో ఉప్మా తిన్నవారు రెండోసారి తినరు. అంటువ్యాధి విషయంలో ఒకరు ఒక మాట, మరొకరు ఇంకో మాట చెప్పారు. మొదటి రాత్రి ఒక నర్సు ఇంటిల్లిపాదీ మాత్రలు మింగాలని చెబితే, తెల్లవారే లోపు మా ఇంట్లో ఏడుగురికి జ్వరం వచ్చినట్టే అయింది. రోగితో దగ్గరగా ఉన్నవారికి ముందు జాగ్రత్త మందు అవసరమయ్యేది మెనింగోకాకస్ విషయంలో. న్యుమోకాకస్‌కు అది అక్కర్లేదు. మరునాడు డాక్టరు చెప్పాక గాని మాకు తెరిపి దొరకలేదు. బిల్లు 2 లక్షల 60 వేలు అయింది, వివరాలు అడిగితే పేజీ పేజీగా ఇచ్చారు, అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

నా ఫిర్యాదు అంతా 16వ రోజుది. ఉదయం పదకొండు గంటలకు డిశ్చార్జి అన్నారు. సమ్మరీ కాగితం మీద జబ్బు పేరు, ఇచ్చిన మందులు, ఇకపై వేసుకోవలసిన ఫిట్స్ మాత్రలు, చక్కెర మాత్రలు, "రెండు వారాలకు న్యూరాలజీ ఓపీ" అనే మాట ఉన్నాయి. చెవి అన్న పదం ఆ కాగితంలో ఎక్కడా లేదు. వచ్చిన మొదటి రాత్రి తీసిన సీటీ రిపోర్టును నేను ఇంటికి వచ్చాక నిదానంగా చదివాను. మెదడు గురించి నాలుగు వాక్యాలు రాశాక, అట్టడుగున ఒక వాక్యం ఉంది, కుడి మాస్టాయిడ్ గదులలో గాలికి బదులు ద్రవం నిండి ఉందని, ఎముక అంచు స్పష్టంగా లేదని. చెవి వెనుక ఎముకలో తేనెపట్టులా ఉండే ఆ గదులలోంచే చీము మెదడు పొరలకు ఎక్కిందన్నమాట. దొంగ ఏ తలుపు నుంచి వచ్చాడో కాగితం మీద రాసి ఉంది, 16 రోజులూ ఎవరూ ఆ తలుపు వైపు చూడలేదు. ఆ ఆసుపత్రిలోనే రెండో అంతస్తులో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది.

రెండో లోపం ఇంకా పెద్దది. ఐసీయూలోంచి వార్డుకు వచ్చినప్పటి నుంచి చిన్నాయన పిలిస్తే పలికేవారు కాదు, రెండుసార్లు పిలవవలసి వచ్చేది. నీరసమనుకున్నాము, మత్తు అనుకున్నాము. డాక్టర్లు రోజూ వచ్చి చెయ్యి ఎత్తమన్నారు, కాలు ఎత్తమన్నారు, ఇది ఏ ఊరని అడిగారు. ఆయన పెదవుల కదలికను చూసి జవాబు చెబుతున్నారని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇంటికి వచ్చిన పదో రోజున ఫోను కుడి చెవికి పెట్టుకుని "ఎవరూ మాట్లాడరేం" అన్నప్పుడు గాని తెలియలేదు. ఈ జబ్బు నుంచి బతికి బయటపడినవారిలో వినికిడి పోవడం అందరికన్నా ఎక్కువగా కనిపించే మిగులు నష్టం. అందులోనూ న్యుమోకాకస్ వల్ల వచ్చినప్పుడు మరీ ఎక్కువ. డిశ్చార్జికి ముందే, వీలు కాకపోతే కోలుకున్న నాలుగు వారాలలోపు, వినికిడి పరీక్ష చేయించాలన్నది వైద్యులకు తెలియని విషయం కాదు. తొందర ఎందుకంటే, వాపు లోపలి చెవికి పాకితే నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా లోపల కొన్ని వారాలలోనే ఎముక పెరగడం మొదలవుతుంది. రెండు చెవులూ పూర్తిగా పోయినవారికి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, పెట్టాలంటే ఆ దారి మూసుకుపోకముందే పెట్టాలి. పరీక్షకు పట్టేది అరగంట, అయ్యేది కొన్ని వందల రూపాయలు. రెండున్నర లక్షల చికిత్స చేసినవారు ఆ కొన్ని వందల పరీక్షను మరిచారు.

కర్నూలులోనే వేరే చెవి వైద్యుని దగ్గర పరీక్ష చేయించాము. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో ఒక మోస్తరు లోపం ఉంది. ఎడమవైపుకు వినికిడి యంత్రం పెట్టించాము. కుడి చెవిలో ఎముకను తినే కొలెస్టియటోమా అనే గడ్డ ఉందని తేలడంతో మాస్టాయిడ్ శస్త్రచికిత్స కూడా చేయించవలసి వచ్చింది. అది తీయకపోతే ఇదే జబ్బు మళ్ళీ రావచ్చునని ఆ వైద్యుడు చెప్పినప్పుడు చిన్నమ్మ ముఖం చూడలేకపోయాను. టీకా సంగతి కూడా ఆయన చెప్పేవరకు మాకు తెలియదు. పసిపిల్లలకు న్యుమోకాకల్ టీకా మన ప్రభుత్వ కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాలతో మొదలై 2021 నాటికి దేశమంతటికీ వచ్చింది, ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఇస్తారు. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలకు, ఒకసారి ఈ జబ్బు వచ్చినవారికి కూడా ఈ టీకా అవసరమే, అయితే అది సొంత ఖర్చుతో వేయించుకోవాలి. మా మనవడికి ఊరి ఏఎన్ఎం మూడు మోతాదులూ వేసింది, తాతకు వేయాలని ఎవరూ అనలేదు.

వినికిడి పరీక్ష కాగితాన్నీ, సీటీ రిపోర్టులోని ఆ చివరి వాక్యాన్నీ తీసుకుని మార్చిలో ఆ ఆసుపత్రికి వెళ్ళాను. పెద్ద డాక్టరు రెండూ చదివారు, సాకులు చెప్పలేదు, "చెవి డాక్టరుకు చూపించి ఉండాల్సింది, అది మా పొరపాటే" అన్నారు. ఇకపై ఈ జబ్బుతో వచ్చినవారి డిశ్చార్జి కాగితంలో వినికిడి పరీక్షకు ఒక గడి పెట్టిస్తామన్నారు. ఆ గడి వచ్చిందో లేదో మళ్ళీ వెళ్ళి చూసే పని నాకు ఇంతవరకు పడలేదు. క్యాజువాలిటీకీ, ప్రయోగశాలకూ ఐదుకు ఐదు నక్షత్రాలు ఇస్తున్నాను, ఐసీయూ నర్సులకూ అంతే, డిశ్చార్జికి ఒకటి. అర్ధరాత్రి జ్వరంతో మతి తప్పిన మనిషిని తీసుకుని ఎవరైనా నన్ను అడిగితే ఈ ఆసుపత్రికే పొమ్మంటాను, బయటికి వచ్చే రోజున మాత్రం సీటీ రిపోర్టు చివరి వాక్యం వరకు చదివించుకుని, రెండు చెవులకూ పరీక్ష రాయించుకున్నాకే బిల్లు కట్టమంటాను.